దూరవార్తా సాధనములు – నేటి సంఘజీవనము
(వార్షిక మహాసభయందు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చదివిన ఉపన్యాసము)

    

 మేము జీవితమంతయు పిల్లలకు శబ్దమంజరియు రఘువంశమును చెప్పి కాలము గడపినవారము. అట్టివారు టెలిఫోనులను గూర్చియు, ఇంటర్నెట్టును గూర్చియు ఏమి చెప్పగలరని నిన్నరాత్రి భోజనముల వేళ కొందరు మిత్రులు పరిహాసమాడిరి. వారి మాట కొంత నిజమే. ఐనను మేము చెప్పబోవునది యంత్రశాస్త్రము గాదు. వార్త సకాలమున చేరుట మనుష్యున కెంత యవసరమో, చేరనియెడల సంసారము లేమగునో, ఈ విషయమున మన సంఘము చేయదగిన పని యేమున్నదో, ఈ మూడు సంగతులు మాత్రమే మనవి చేసికొందుము.

విద్యార్థి వసతిగృహములు, సహకార సంఘములు, నూలు ధరలు, కన్యాశుల్క వరశుల్కములు మొదలగు విషయములను గూర్చి పూర్వవక్తలు చక్కగా సెలవిచ్చిరి. అవన్నియు ముఖ్యములే. కాని వాని కన్నింటికిని అడుగున ఇప్పుడొక క్రొత్త పునాది వచ్చి చేరినది. పూర్వము గ్రామమునకు కావలసినవి బాట, నీరు, దీపము అనెడివారము. నేడు నాలుగవది వార్త. ఇది విలాసవస్తువని ఇంకను మనలో పెద్దలు కొందరు తలంచుచున్నారు. మేమును ఒకప్పుడట్లే తలంచియుందుము. కాని మా యింటి యనుభవ మొకటి మా కా తలంపును రానీయలేదు. దానిని ముందుగా విన్నవింతుము.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ, శనివారము. మాకప్పుడు 17 ఏండ్లు. మా అక్కగారిని దివిసీమలోని యొక గ్రామమున నిచ్చియుంటిమి. ఆనాటి తుఫానును, ఉప్పెనను ఎరిగిన పెద్దలీ సభలో చాలమంది యున్నారు, వర్ణింప నక్కరలేదు. సర్కారు లెక్కలకే పదివేలమంది ప్రాయము మృతులు. తంతి స్తంభములు నేలగూలినవి; బాటలు తెగిపోయినవి; ఎవరుండిరో ఎవరు పోయిరో చెప్పువాడు లేడు. మా తండ్రిగారు కొంతదూరము సైకిలుపైనను, కొంతదూరము బురదలో కాలినడకను పోయిరి. పోయినవారినుండి మాకే కబురును లేదు.

ఏడవనాడు తపాలా బంట్రోతు మా బావగారి కార్డొకటి తెచ్చి యిచ్చెను. అందు, తాము క్షేమమనియు, పిల్లవానికి పండ్లు వచ్చుచున్నవనియు, సంక్రాంతికి వత్తుమనియు వ్రాసియుండెను. మా తల్లి ఆ కార్డును దేవుని యెదుట నుంచి, ఏడు దినములనుండి ముట్టని యన్నమును ఆనాడు ముట్టెను. ఇరుగుపొరుగు వారికి బెల్లము పంచెను. కార్డుమీది తేదీని ఎవరును చూడలేదు. మేము చూచితిమి, చూచియు చెప్పలేకపోతిమి. అది 18వ తేదీ ముద్ర, అనగా ఉప్పెనకు ముందునాటిది. తొమ్మిదవనాడు మా తండ్రిగారు తిరిగివచ్చిరి. అక్కయు బావయు బ్రదికిరి, పిల్లవాడు దక్కలేదు.

బాంధవులారా! ఆనాడు మాకొక సంగతి తెలిసినది. ఆలస్యముగా వచ్చిన వార్త రాని వార్తకంటెను క్రూరము. అది నిజమై పుట్టి అబద్ధమై చేరును. ఆ కార్డు వ్రాసినవాని దోషము లేదు, తెచ్చినవాని దోషమును లేదు. మనుష్యుని యవసరమునకు తగిన వేగము ఆ సాధనమునకు లేదు, అదియే లోపము.

ఈ లోపమును మన పూర్వులు గుర్తింపకపోలేదు. రాయబారములు, హంసలు, మేఘములు కవుల కల్పనలని త్రోసివేసినను, కౌటిల్యుని యర్థశాస్త్రమును కల్పన యనలేము. పచ్చికబయళ్ల కధ్యక్షుడైన యధికారి, శత్రువుల రాకను రాజునకు తెలుపుటకై, ముద్రవేసిన లేఖలను పెంపుడు పావురములచేతగాని, వరుసగా పెట్టిన పొగచేతను మంటచేతను గాని పంపవలయునని అందు విధింపబడినది. రాజ్యమునకు కోట యెట్టిదో కబురు నట్టిదని ఆయన యెరుగును. కాని ఆ పావురము రాజుకొరకే యెగిరినది. సాలెవాని కొరకు ఎగురలేదు. పావురమునకు మారుగా విద్యుత్తు వచ్చిన తరువాతను చాలకాల మదే వరుస సాగినది.

మన దేశమున తంతి కథ వింతయైనది. కలకత్తా వైద్యకళాశాలలోని ఓషానెస్సీ యను వైద్యుడు 1839లో ఆ నగర సమీపమున 21 మైళ్ల తీగ గట్టి, విద్యుత్తుచే సంజ్ఞలు పంపి చూపెను. 1851 నాటికి కలకత్తాకును డైమండు హార్బరునకును నడుమ తంతి నడచుచుండెను. 1855 ఫిబ్రవరిలో అది సామాన్య ప్రజలకు తెరువబడెను. అప్పటికే కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరములు తీగతో కలుపబడియుండెను. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో టెలిఫోను కేంద్రములు వెలసినవి. 1885లో తంతి చట్టము వచ్చినది. ఇదంతయు ఎవరికొరకు? కుంఫిణీ దొరలకును, సేనలకును, రేవులలోని పెద్ద వర్తకులకును. స్వాతంత్ర్యము వచ్చిననాటికి దేశమంతటికిని లక్ష టెలిఫోనులైనను లేవు. మన పల్లెలలో టెలిగ్రాము వచ్చిన దనగానే విప్పకముందే ఏడ్పులు మొదలగుట మీరెరుగుదురు. చావుకబురునకు తప్ప బీదవాడు తంతి నాశ్రయించుట లేకుండెను. ఆ తంతి సేవయు 2013 జులై 14వ తేదీతో ముగిసినది.

బీదవాని చెంతకు ఫోను వచ్చిన విధము వేరు. 1960లో లక్నో కాన్పూరుల నడుమ, నడుమ మనిషి సాయము లేక నేరుగా మాటలాడు సదుపాయ మేర్పడినది. 1984లో స్థాపింపబడిన సీ-డాట్ సంస్థ, మన యెండకును దుమ్మునకును తట్టుకొని, చల్లదనపు యంత్రము లేకయే పల్లెలలో నడువగల చిన్న ఎక్స్ఛేంజిని మన యింజనీర్లచేతనే చేయించినది. దాని వెంటనే వీధివీధికిని పసుపుపచ్చ అక్షరముల ఎస్.టి.డి. బూతులు వెలసినవి. మన కులమువారు తెలంగాణమునుండియు, ఇతర ప్రాంతములనుండియు మరమగ్గములపై పనికి భీవండి, షోలాపురము, సూరతులకు వలసపోవుట మీరెరుగనిది గాదు. ఆదివారము రాత్రి చవుకధర వేళ ఆ బూతులయెదుట నిలిచిన వరుసలలో మన తల్లులెందరుండిరి! గోడమీది యెర్రయంకెలు తిరుగుచుండ, కన్నీరు తుడుచుకొనుటకును ఖర్చగునని భయపడుచు మాటలాడిన రోజులవి.

1995 జులై 31న కలకత్తానుండి ఢిల్లీకి మన దేశపు మొదటి సెల్‌ఫోను మాట పోయినది. అప్పుడు వచ్చిన పిలుపునకును డబ్బు చెల్లింపవలసియుండెను. 2003లో ఆ బాధ తొలగినది. ఆపై పదేండ్లలో జరిగిన మార్పు మనకందరకును ప్రత్యక్షము. నేడు దేశములో నూటపది కోట్లకు పైబడి ఫోను సంబంధము లున్నవి.

దీనివలన మగ్గమునకేమి లాభమని యడుగవచ్చును. మాకు తెలిసిన యొక నేతగాడు చిరకాలము షావుకారు చెప్పిన ధరకే చీర వేసెడివాడు. పట్టణమున ధర పడిపోయినదనిన పడిపోయినదే. అడుగుటకు దారి లేదు. అతని కుమారుడు హైదరాబాదు చేరి, ఒక దుకాణపు అద్దములో తమ యంచు, తమ బుటాయే గల చీరను జూచి, దానిపై నంటించిన ధరను తండ్రికి ఫోనులో చదివి వినిపించెను. మరునాడు తండ్రి షావుకారుతో కలహింపలేదు. కూలి మాత్రము కొంచెము పెంచుమని నెమ్మదిగా నడిగెను, పెరిగినది. ధర తెలియుటయే బేరములో సగబలము. 2020లో కరోనా కాలమున అంగళ్లన్నియు మూతపడగా, నేసిన చీరల బొమ్మలను వాట్సప్పులో పంపి అమ్ముకొన్న యువకులను గూడ మేమెరుగుదుము.

ఇక వ్యాపారము మాటయట్లుంచి, నిత్యజీవనమును చూడుడు. రేషను బియ్యమునకు వ్రేలిముద్ర, వ్రేలిముద్రకు నెట్‌వర్కు. వృద్ధాప్యపు పింఛను, బ్యాంకు లావాదేవీ, విద్యార్థివేతనపు దరఖాస్తు, పరీక్షాఫలితము, ఆసుపత్రి టోకెను, అన్నియు ఆ దారినే వచ్చుచున్నవి. "సర్వరు డౌను" అను రెండు మాటలు విని ఎండలో వెనుదిరిగిన ముసలివారిని జూచినవాడు దీనిని విలాసమనడు. నీటికుళాయి యెండినచో ఊరంతయు కడవలతో కచ్చేరీకి పోవుదుము. నెట్‌వర్కు పోయినచో, అది మన జాతకమని యూరకుందుము. ఈ భేద మెందుకు?

న్యాయస్థానములు మనకంటె ముందున్నవి. గాలిలోని తరంగములు ప్రజల సొత్తని సుప్రీముకోర్టు 1995లోనే చెప్పినది. ఇంటర్నెట్టు ద్వారా భావము ప్రకటించుటయు, వృత్తివ్యాపారములు జరుపుటయు రాజ్యాంగరక్షణ గలవనియు, దానిని నిరవధికముగా నిలిపివేయుట చెల్లదనియు 2020 జనవరిలో జమ్మూకాశ్మీరమునకు సంబంధించిన వ్యాజ్యములో తీర్పిచ్చినది. వృత్తివ్యాపారములను మాట మనవంటి చేతిపనివారు జ్ఞాపకముంచుకొనదగినది.

ఇట్లు మేలులను చెప్పి యూరకున్న, మేము సగము సత్యమే చెప్పినవారమగుదుము. ఈ సాధనము దుర్బలమైనది. ఇది గాలిలో నడచునని మనము భ్రమపడుచున్నాము. మీ చేతిలోని ఫోనునుండి దగ్గరి టవరు వరకు గాలి. అక్కడనుండి మాట చాలవరకు గాజునూలులో వెలుగై పోవును. అదియే ఆప్టికల్ ఫైబరు. టవరునకు కరెంటు కావలయును. అది పోయినచో కొన్ని గంటలు బ్యాటరీ, ఆపై డీజిలు. మగ్గమువారికి చెప్పవలసిన పని లేదు: పేక యెంత మంచిదైనను, పడుగు తెగిన గుడ్డ లేదు. ఇచట పడుగు నేలమీదనే యున్నది.

2014 అక్టోబరు 12, ఆదివారమునాడు హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు మేమా నగరమున మా కుమారుని యింట నుంటిమి. చేతులలో నాలుగు ఫోనులుండెను; ఒక్కటియు పలుకలేదు. కరెంటు లేదు; టవరులు మూగవోయినవి; మేడమీదికెక్కి ఫోనును ఆకాశమునకు చూపుచు జనులు నిలుచుండిరి. 1977లో తంతి స్తంభము కూలినట్లే 2014లో టవరు కూలినది. ఐనను ఒక భేదమున్నది, దానిని మరువరాదు. తుఫాను రాకను ముందుగా తెలిపిన వార్త ఈమారు సకాలమున చేరినది. లక్షలమంది ముందే సురక్షిత స్థలములకు చేర్చబడిరి. దివిసీమలో వేలలో పోయిన ప్రాణములు, ఇచట ఆంధ్రదేశమున నూటికి లోబడియే పోయినవి. ముందు చేరిన వార్త ప్రాణములను కాపాడినది. తరువాత తెగిన వార్త బ్రదికినవారిని వేధించినది. రెండును నిజములే.

ప్రభుత్వములు ఊరక కూర్చుండలేదు. గ్రామపంచాయతీలన్నిటికిని ఫైబరు చేర్చు పథకము 2011లో అంగీకరింపబడినది. ప్రయోగమునకై దేశమందెన్నుకొన్న మూడు స్థలములలో నాటి మన విశాఖ జిల్లాలోని పరవాడ యొకటి. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబరు నెట్టును రాష్ట్రపతి ప్రారంభించిరి. అందు తీగలో పెద్దభాగము కరెంటు స్తంభములమీదుగానే లాగబడినది. దానివలన ఖర్చును కాలమును తగ్గినవి. కాని గాలివానకు స్తంభము కూలినచో దీపమును వార్తయు ఒక్కమారే పోవును. తీరగ్రామములవారు దీనిని యోచించి, ముఖ్యస్థలములకైనను నేలలోపలి తీగ వేయుడని కోరవలయును. వ్యక్తులు వేసిన అర్జీలు మూలపడును. సంఘము వేసిన అర్జీకి సమాధానము వ్రాయక తప్పదు.

ఇక లోపలి యాపద. వార్త వచ్చు వాకిలినే దొంగయు వచ్చును. బ్యాంకువారమని, పోలీసువారమని, "డిజిటల్ అరెస్టు" చేసితిమని బెదరించి, ఓటీపీ చెప్పించుకొని, జీవితకాలపు కష్టార్జితమును కాజేయుచున్నారు. చట్టములో డిజిటల్ అరెస్టనునది లేనే లేదు. మోసము జరిగిన తక్షణమే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలయును. ఆలస్యమైనకొలది సొమ్ము చేజారును. మరమగ్గపు గుడ్డను చేనేతయని బొమ్మచూపి అమ్మువారును ఈ దారినే పెరిగిరి. కొనువారికి చేనేత గుర్తును చూపి చెప్పు బాధ్యత మనదే.

కావున సంఘమువారి యెదుట మేమైదు సూచనలు వినయముతో నుంచుచున్నాము.

మొదటిది: మన విద్యార్థి వసతిగృహము లన్నిటికిని ఫైబరు సంబంధమును, కరెంటు పోయినను నడుచుటకు ఇన్వర్టరును అమర్పవలయును.

రెండవది: ప్రతి శాఖయందును ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను నియమించి, నెలకొక ఆదివారము పెద్దలకు ఫోను వాడుకయు, మోసములనుండి కాచుకొను విధమును నేర్పింపవలయును.

మూడవది: తీరప్రాంత శాఖలయందు బ్యాటరీ రేడియోను, కుటుంబముల పేర్లు, ఫోను సంఖ్యలు వ్రాసిన కాగితపు పుస్తకమును ఉంచవలయును. ఫోనులో దాచిన సంఖ్యలు ఫోనుతోనే పోవును. సాధ్యమైనచోట ఇద్దరికైనను హామ్ రేడియో నేర్పించి, పరీక్షకు పంపి, లైసెన్సు తెప్పింపవలయును. 1983లో హైదరాబాదున నెలకొన్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థవారు 2004 డిసెంబరు సునామీ వేళ అండమానులో నుండి, ఇతర సాధనములు తెగినపుడు వార్తలు నడపిరి. మన పిల్లలకది యసాధ్యము గాదు.

నాల్గవది: నెట్‌వర్కు లేని నేతవాడల పట్టికను తయారుచేసి, సంఘము పేర అర్జీలు పంపి, జవాబు వచ్చువరకు వెంబడింపవలయును.

ఐదవది చెప్పుటకు కొంత సంకోచించుచున్నాము. ఐనను ఉపాధ్యాయుడు చెప్పక మరెవరు చెప్పుదురు? మన యిండ్లలో మగపిల్లవానికి పదవతరగతిలోనే ఫోను కొనుచున్నాము. ఆడపిల్ల చేత ఫోను చూచిన ఉలికిపడుచున్నాము. 2020లో బడులు మూతపడి పాఠములు ఫోనులో నడచినపుడు, మా వీధిలో ఒక బాలిక అన్నగారి పాఠము ముగియువరకు వాకిట కూర్చుండెడిది. ముగిసిన తరువాత అతడు ఆటలాడుకొనెడివాడు. ఆ యేడు ఆమె లెక్కలలో తప్పినది, మరుసటియేడు పెండ్లిచేసిరి. ఆ పిల్ల మా శిష్యురాలు. ఆమె తండ్రికి మేము నచ్చజెప్పియుండవలసినది. ఇతరుల యింటి సంగతియని ఊరకుంటిమి. అది మా తప్పు. వసతిగృహమున ఫోను వాడరాదను నిబంధనను ఎదిరించి వెళ్లగొట్టబడిన యొక విద్యార్థిని విషయమున, ఇంటర్నెట్టును పొందుహక్కు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లో తీర్పుచెప్పి, ఆమెను తిరిగి చేర్చుకొమ్మని యాజ్ఞాపించినది. మన బాలికా వసతిగృహపు నియమావళిలోను అట్టి నిబంధనయే యున్నది. దానిని ఈ మహాసభలోనే సవరింప ప్రార్థించుచున్నాము. భయమున్నచో నేర్పుదము, లాగికొనవద్దు.

వీనికి ధనమెక్కడిదని కోశాధికారిగారడుగుదురు. కల్యాణమండపముపై రెండవ అంతస్తునకై దాతలిచ్చిన నిధి యున్నది. అది వలదని మేమనము; పెండ్లిండ్లును జరుగవలసినవే. కాని ముఖద్వారమునకు చలువరాతి తోరణము ఒక సంవత్సరము ఆలస్యమైనచో ఏ పెండ్లియు ఆగదు. ఆ తోరణపు సొమ్ముతో మొదటి మూడు సూచనలును నెరవేరగలవని మా విశ్వాసము. దాతలు తమ పేర్లు రాతిమీద చూచుకొనగోరుట సహజము. ఐనను, ఒక తుఫానురాత్రి ఒక తల్లి చెవికి "బ్రదికియున్నాము" అను మాట చేర్చినవాని పేరు రాతికంటె గట్టిచోట నిలుచును.

ఒక్కమాట చెప్పి విరమింతుము. హుద్‌హుద్ తరువాత మూడవనాటి సాయంకాలమున మా ఫోను మొదటిసారి మ్రోగెను. దివిసీమనుండి మా అక్కగారు. మూడు దినములుగా ఆమె ఆ సంఖ్యను నొక్కుచునే యుండెనట. మేము "క్షేమమే, అక్కా" యంటిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప నొకటే ప్రశ్న యడిగెను: "తమ్ముడూ, ఇది ఈనాటి మాటయేనా?"

ముప్పదియేడేండ్లక్రిందటి కార్డును ఆమెయు మరువలేదు. మన బిడ్డల మాట ఆనాటిది ఆనాడే మనకు చేరవలయును; మన మాట వారికి చేరవలయును. అట్టి యేర్పాటునకు ఈ మహాసభ పూనుకొనుగాక యని వేడుకొనుచున్నాము.